పటిక నుంచి కెంపు దాకా: ప్రయోగశాలలో రత్నాన్ని పెంచే పని, అంచెలంచెలుగా

ప్రయోగశాలలో కెంపు పెంచాలంటే మొదట కావలసింది పటిక. దాన్ని కాల్చగా వచ్చే పొడే మంటలో కరిగి రాయి అవుతుంది. కొలిమి, సిలిండర్లు, బర్నరు అన్నీ ఆ తర్వాతే. ఈ మాట చెబితే కొత్తగా వచ్చిన విద్యార్థులు నవ్వుతారు. మంట దగ్గరికి ఎప్పుడు పంపిస్తారా అని చూస్తుంటారు. పటికను కరిగించడం, వడకట్టడం, ఆరబెట్టడం, మళ్లీ కరిగించడం... ఈ తంతుతోనే రెండు వారాలు గడిచేసరికి వాళ్ల ముఖాలు వాడిపోతాయి. పొడి బాగాలేని రాయినీ, పొడి బాగున్న రాయినీ పక్కపక్కన పెట్టి దీపం వెలుగులో చూపించాక మాత్రం ఎవరూ ఎదురు మాట్లాడరు. రాయి బాగోగులు సగానికి పైగా మంట వెలిగించక ముందే తేలిపోతాయి.

ఇక్కడ వివరిస్తున్నది జ్వాలా పద్ధతి. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఒగుస్ట్ వెర్నాయ్ దీన్ని 1902లో లోకానికి చెప్పాడు. అంతకు పదేళ్ల ముందే సీలు వేసిన కవర్లలో రాసి ప్యారిస్ సైన్స్ అకాడమీలో దాచిపెట్టాడు. నూట ఇరవై ఏళ్లు దాటినా పరికరం రూపు పెద్దగా మారలేదు. వాచీల్లో తిరిగే కెంపు బేరింగుల నుంచి చవక ఉంగరాల్లోని ఎర్రరాళ్ల దాకా ఎన్నో ఈ దారిలోనే వచ్చాయి.

ఒక మాట ముందే తేల్చుకుందాం. కృత్రిమ కెంపు వేరు, నకిలీ కెంపు వేరు. ఎర్రగాజు ముక్క నకిలీ. మనం పెంచేది అసలైన కురువిందమే: అదే అల్యూమినియం ఆక్సైడ్, అదే స్ఫటిక నిర్మాణం, మోహ్స్ కొలతలో అదే 9 కాఠిన్యం, నీటికి నాలుగు రెట్ల అదే సాంద్రత. పుట్టిన చోటు ఒక్కటే తేడా. అయితే దాన్ని అమ్మేటప్పుడు, బహుమతిగా ఇచ్చేటప్పుడు ఎక్కడ పుట్టిందో దాచకూడదు. దాచినా దాగదు, ఎందుకు దాగదో చివర్లో చూస్తారు.

ముందుగా: ఏ రాయికి ఏ దారి

అన్ని రత్నాలూ మంటలో పెరగవు. ఒక పదార్థాన్ని కరిగించి చల్లారిస్తే మళ్లీ అదే స్ఫటికంగా గడ్డకట్టాలి. కురువిందం ఆ పని చక్కగా చేస్తుంది. 2050 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, చల్లారితే మళ్లీ కురువిందమే అవుతుంది. మెగ్నీషియం, అల్యూమినియం ఆక్సైడ్లు కలిసిన స్పినెల్ అనే రత్నం కూడా అంతే.

పచ్చ అలా కాదు. అది బెరీలియం, అల్యూమినియం, సిలికాన్ ఆక్సైడ్లు కలిసిన రాయి. మామూలు పీడనంలో కరిగిస్తే కూర్పు చెదిరిపోతుంది, చల్లారాక తిరిగి పచ్చరాయిగా కూడుకోదు. అందుకే దాన్ని లిథియం మాలిబ్డేట్ లాంటి కరిగిన లవణంలో, ప్లాటినం మూసలో, నెలల తరబడి పెంచుతారు. ఆ లవణాన్ని ఫ్లక్స్ అంటారు. కారల్ చాథమ్ 1930లలో అమెరికాలో సాధించిన పచ్చలు, 1960లలో పియెర్ జిల్సన్ తెచ్చిన పచ్చలు ఈ ఫ్లక్స్ కోవలోవే. క్వార్ట్జ్‌ను కరిగిస్తే చల్లారాక గాజు మిగులుతుంది. కాబట్టి దాన్ని ఆటోక్లేవ్ అనే మందపాటి ఉక్కు గొట్టంలో, క్షారం కలిపిన నీటిలో, 350 నుంచి 400 డిగ్రీల దగ్గర, మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి వెయ్యి రెట్లు మించిన పీడనంలో పెంచుతారు. రోజుకు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు పెరిగితే బాగా పెరిగినట్టే. క్యూబిక్ జిర్కోనియా 2700 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ వేడిని తట్టుకునే మూస దొరకదు కాబట్టి జిర్కోనియా పొడి పైపొరనే దానికి మూసగా వాడుకుంటారు. బయట నీళ్లు పారే రాగి గొట్టాలు పైపొరను చల్లగా ఉంచుతాయి, లోపల రేడియో తరంగాల వేడికి నడిభాగం కరుగుతుంది. వజ్రం కథ ఇంకా వేరు. దానికి భూగర్భంలోలాంటి పీడనమో, మీథేన్, హైడ్రోజన్ వాయువుల ప్లాస్మానో కావాలి.

నేర్చుకునేవాళ్లకు కెంపే మంచిది. పెరుగుతున్న రాయిని కంటితో చూడవచ్చు. మిగతా పద్ధతుల్లో చాలావాటిలో మూత పెట్టి, వారాలో నెలలో ఆగి, తెరిచాక ఏముంటే అదే.

మొదటి అంచె: నీళ్లలో చేయి తిప్పడం

మంట దగ్గరికి వెళ్లే ముందు నీళ్లలో ఒక స్ఫటికం పెంచండి. ఇంట్లోనే చేయవచ్చు. పొటాష్ పటిక తీసుకోండి. వంద మిల్లీలీటర్ల వేడినీటిలో ఇరవై గ్రాములు కరిగించి, వడపోత కాగితంతో వడకట్టి, మూత బదులు పలచని కాగితం కప్పి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున చిన్నచిన్న పలుకులు ఉంటాయి. వాటిలో ఎనిమిది ముఖాలూ సరిగ్గా తీరిన, మసక లేని ఒక్కదాన్ని ఏరుకోండి. నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటే చాలు. అదే విత్తనం. సన్నటి నైలాన్ దారంతో కట్టి పక్కన పెట్టండి.

అడుగున మిగిలిన పలుకులతోనే ద్రావణాన్ని ఇంకో రోజు ఉంచి, గది వేడిమి దగ్గర సంతృప్తం కానిచ్చి, పైనీటిని వేరే గాజు పాత్రలోకి వడకట్టండి. అందులో విత్తనాన్ని వేలాడదీయండి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ద్రావణం కొంచెం పలచగా ఉంటే విత్తనం కరిగిపోతుంది, పొద్దున చూస్తే దారం ఒక్కటే ఉంటుంది. దీన్ని ముందే కనిపెట్టే చిట్కా ఒకటుంది. పాత్ర వెనక దీపం పెట్టి, విత్తనం చుట్టూ ఉన్న ద్రావణాన్ని తేరిపార చూడండి. ఎండకు రోడ్డు మీద గాలి వణికినట్టు సన్నటి తీగలు కనిపిస్తాయి. అవి విత్తనం నుంచి కిందికి జారుతుంటే కరుగుతోందన్నమాట, ఎందుకంటే కరిగిన పటికతో బరువెక్కిన ద్రావణం కిందికి దిగుతుంది. పైకి లేస్తుంటే పెరుగుతోంది, పటికను విత్తనానికి ఇచ్చేసి తేలికైన ద్రావణం పైకి పోతోంది. ఏ తీగా లేకపోతే రెండూ సమంగా ఉన్నాయి. ఈ చూపు అలవాటైతే మీ పని సగం అయినట్టే.

రెండు మూడు వారాల్లో ఉసిరికాయంత స్ఫటికం వస్తుంది. గది వేడిమి పగలూ రాత్రీ ఎక్కువగా మారుతుంటే లోపల మసక పొరలు కడతాయి. అందుకే పాత్రను థర్మకోల్ పెట్టెలో ఉంచడం మంచిది.

ఇప్పుడు అసలు పాఠం. అల్యూమినియం బదులు క్రోమియం ఉండే ముదురు ఊదారంగు క్రోమ్ పటికతో చిన్న స్ఫటికం పెంచండి. ద్రావణం 60 డిగ్రీలు దాటితే ఆకుపచ్చకు తిరిగి స్ఫటికం కట్టదు, జాగ్రత్త. ఆ ఊదా స్ఫటికాన్ని తెల్ల పటిక సంతృప్త ద్రావణంలో వేలాడదీయండి. నల్లటి గుండె చుట్టూ గాజులాంటి పటిక, ముఖాలు ఎక్కడా తప్పకుండా, అదే ఆకారంలో పెరుగుతుంది. స్ఫటికంలో అల్యూమినియం కూర్చునే పీటలో క్రోమియం కూడా సర్దుకుని కూర్చోగలదు, కొంచెం ఇరుకైనా సరే. కెంపు ఎరుపుకు కారణం సరిగ్గా ఇదే. అల్యూమినియం ఆక్సైడ్‌కు రంగు లేదు, దానిలో నూటికి ఒకటో వంతు క్రోమియం దూరితే ఎర్రబడుతుంది. నీళ్లలో మీరు చూసింది 2050 డిగ్రీల దగ్గర మళ్లీ జరుగుతుంది.

రెండో అంచె: పొడి

ఇక్కడ తొందరపడితే తర్వాత చేసేదేమీ ఉండదు.

మామూలుగా దొరికే పొటాష్ పటిక దీనికి పనికిరాదు. దాన్ని కాలిస్తే పొటాషియం సల్ఫేట్ మిగిలిపోయి రాయిని పాడుచేస్తుంది. అమ్మోనియం పటిక కావాలి. దాని గొప్పతనమంతా కాలినప్పుడు తెలుస్తుంది: నీరు ఆవిరవుతుంది, అమ్మోనియా ఎగిరిపోతుంది, గంధకం ఆక్సైడ్లుగా పోతుంది, మిగిలేది శుద్ధమైన అల్యూమినియం ఆక్సైడ్ ఒక్కటే. రంగు కోసం వేసేది కూడా అమ్మోనియం క్రోమ్ పటికే అయి ఉండాలి.

శుద్ధి ఇలా. పటికను వేడి శుద్ధజలంలో కరిగించి, వడకట్టి, ఈసారి ఆపకుండా కలుపుతూ చల్లార్చండి. మొదటి అంచెలో కదపవద్దన్నాను, ఇక్కడ కలపమంటున్నాను. కారణం ఉంది. పెద్ద స్ఫటికాలు మురికి ద్రావణాన్ని కడుపులో దాచుకుంటాయి. చక్కెర పలుకుల్లాంటి చిన్నవి దాచుకోలేవు, మలినాలు నీటిలోనే ఉండిపోతాయి. ఆ నీటిని వంపేయండి. చల్లటి శుద్ధజలంతో పలుకుల్ని ఒక్కసారి కడిగి, మళ్లీ కరిగించండి. ఇలా మూడుసార్లు. ఇనుము జాడ మిగిలితే ఎరుపు గోధుమవైపు తిరుగుతుంది కాబట్టి ఇనప గరిటెలు, తుప్పు పట్టిన స్టాండులు దగ్గరికి రానివ్వకండి.

కడిగిన పటికను గాలికే ఆరనివ్వండి, ఓవెన్‌లో పెట్టకండి. ఓవెన్ వేడికి స్ఫటికంలోని నీరు కొంత పోతుంది, అప్పుడు మీ తూకాలన్నీ తప్పుతాయి.

తూకం లెక్క: 880 గ్రాముల అమ్మోనియం పటిక కాలితే 99 గ్రాముల అల్యూమినియం ఆక్సైడ్ వస్తుంది. 6.3 గ్రాముల అమ్మోనియం క్రోమ్ పటిక కాలితే ఒక గ్రాము క్రోమియం ఆక్సైడ్. రెండూ కలిపితే నూటికి ఒక వంతు క్రోమియం ఆక్సైడ్ ఉన్న వంద గ్రాముల పొడి. చక్కటి ఎరుపుకు అది చాలు. గులాబీ రంగు కావాలంటే క్రోమ్ పటికను పదో వంతుకు తగ్గించండి. లేజర్లకు వాడే కెంపులో క్రోమియం ఆక్సైడ్ 0.05 శాతమే ఉంటుంది. 1960లో థియోడర్ మైమన్ వెలిగించిన మొట్టమొదటి లేజర్‌లో ఉన్నది అలాంటి గులాబీ కెంపు కడ్డీయే.

రెండు పటికలనూ విడివిడిగా కాల్చి తర్వాత కలపకండి, రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడే కలిపి వేడిచేస్తే 94 డిగ్రీల దగ్గర పటిక తన లోపలి నీటిలో తానే కరిగిపోతుంది. ఆ ద్రవాన్ని బాగా కలిపితే క్రోమియం అణువణువుకూ పరుచుకుంటుంది.

తర్వాత కాల్చడం. పాత్రలో పావు వంతుకు మించి పోయకండి. నీరు పోయేకొద్దీ తెల్లటి నురుగు పొంగుతుంది, పాలు పొంగినట్టు కాదు, బొరుగుల కుప్పలా పొంగి అలాగే నిలిచిపోతుంది. మొదటిసారి నేను సగం దాకా పోసి కొలిమి గోడలకంతా అంటించుకున్నాను. నీరు పోయాక నెమ్మదిగా 1000 నుంచి 1100 డిగ్రీలకు తీసుకెళ్లి రెండు మూడు గంటలు ఉంచండి. గంధకపు పొగలు ఘాటుగా వస్తాయి, పొగగూడు లేకుండా ఈ పని తలపెట్టవద్దు.

ఈ వేడిమి విషయంలో సర్దుబాటు లేదు. తక్కువైతే గంధకం మిగిలి, రాయిలో బుడగలవుతుంది. ఎక్కువైతే అల్యూమినియం ఆక్సైడ్ తేలికైన గామా రూపం నుంచి బరువైన ఆల్ఫా రూపానికి మారి గింజలు గట్టిపడతాయి. అవి మంటలో దిగే క్షణకాలంలో సరిగ్గా వేడెక్కవు. మనకు కావలసింది పిండిలా మెత్తగా, దూదిలా తేలిగ్గా ఉన్న పొడి. సన్నటి జల్లెడ పట్టి, గాజు పలక మీద కొద్దిగా పోసి పలక అంచును వేలితో తట్టండి. పొడి నీళ్లలా జారితే సరే. ఉండలు కట్టి దొర్లితే తేమ తగిలినట్టు, మళ్లీ ఆరబెట్టాలి. పొడిని గాలి దూరని డబ్బాలో పెట్టి, మీద తేదీ, బ్యాచ్ అంకె రాయండి. పొడి తయారీ అంతటా ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు ఉండాలి.

మూడో అంచె: బర్నరు, భద్రత

పరికరం నిలువుగా ఉంటుంది. పైన పొడి తొట్టి, దాని అడుగున సన్నటి జాలి. తొట్టి నెత్తిన చిన్న సుత్తి సెకనుకు ఒకసారి చొప్పున తడుతుంటుంది. తట్టినప్పుడల్లా చిటికెడు పొడి రాలి, లోపలి గొట్టంలో దిగే ఆక్సిజన్‌తో పాటు కిందికి వెళ్తుంది. బయటి గొట్టంలో హైడ్రోజన్ దిగుతుంది. రెండూ గొట్టాల చివర కలిసి మండుతాయి. మంట కింద పింగాణీ గూడు, గూటిలో పైకీ కిందికీ కదిలే పీట, గూటి పక్కన చూడటానికి ఒక చీలిక. అంతే యంత్రం.

దీన్ని ఇంట్లో తయారు చేసుకోవాలని ఎవరైనా అనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. గాలిలో నూటికి 4 వంతుల నుంచి 75 వంతుల దాకా హైడ్రోజన్ ఎంత ఉన్నా అంటుకుంటుంది. దాని మంట పగటి వెలుతురులో కనపడదు కూడా. శిక్షణ పొందిన వాళ్లు పక్కనుండాలి. రెండు గొట్టాలకూ మంట వెనక్కి పాకకుండా ఆపే వాల్వులు ఉండాలి. కీళ్లు కారుతున్నాయేమో సబ్బునురుగుతోనే చూడాలి. ఆక్సిజన్ వైపు నూనె, గ్రీజు చుక్క కూడా తగలకూడదు. గూటిలోకి చూసేటప్పుడు వెల్డింగ్ అద్దం తప్పనిసరి, ఒక్క క్షణమైనా మామూలు కళ్లద్దాలతో చూడవద్దు.

వెలిగించేటప్పుడు ముందు హైడ్రోజన్, మంట నిలబడ్డాక కొద్దికొద్దిగా ఆక్సిజన్. కెంపుకు మంటలో హైడ్రోజన్ కొంచెం ఎక్కువగానే ఉండాలి.

నాలుగో అంచె: శంకువు, మెడ, బూల్

పీట మంటకు కాస్త దిగువన ఉండగా సుత్తి మొదలుపెట్టండి. రాలిన పొడి పీట మీద అతుక్కుని తెల్లటి శంకువులా లేస్తుంది. ఇంకా కరగలేదు, కుదురుకుందంతే. శంకువు మొన మంటలోకి చేరగానే ఆక్సిజన్ కాస్త పెంచండి.

ఇక కన్ను ఆ మొన మీదే ఉండాలి. తెల్లగా పొడిబారి ఉన్న మొన ముందు మెరుస్తుంది, తర్వాత తడిసినట్టవుతుంది, ఆ వెంటనే గుండుసూది తలంత చుక్కగా గుండ్రబడుతుంది. చుక్క నిలబడిందంటే రాయి పుట్టింది. ఈ దశలో చుక్క కింద అనేక చిన్న స్ఫటికాలు అడ్డదిడ్డంగా ఉంటాయి. అందుకే వెంటనే లావు చేయకూడదు. అగ్గిపుల్లంత సన్నటి మెడగా కొంత ఎత్తు పెంచాలి. ఆ ఇరుకులో ఒకదాన్నొకటి తోసుకుని చివరికి ఒక్క స్ఫటికమే మిగులుతుంది. ముందే కోసి పెట్టుకున్న కురువిందపు విత్తనం ఉంటే పీట మీద దాన్నే నిలబెట్టవచ్చు, అప్పుడు ఈ పోటీ అక్కర్లేదు.

మెడ కుదిరాక ఆక్సిజన్‌నూ పొడినీ నిదానంగా పెంచుతూ పోతే చుక్క వెడల్పవుతుంది. పైన గుమ్మటంలా ఉబ్బి కింద సన్నగా ఉండే మొగ్గ ఆకారం వస్తుంది. దీన్నే బూల్ అంటారు. కావలసిన వెడల్పు రాగానే వాయువులు పెంచడం ఆపండి. ఇక మీద పని ఒక్కటే: రాయి ఎంత పెరుగుతోందో పీట అంత దిగాలి. కరిగిన పొర గుమ్మటం నెత్తిన పలచగా, ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండాలి. గంటకు ఒక సెంటీమీటరు దరిదాపుల్లో పెరుగుతుంది.

పీట ఆలస్యంగా దిగితే మొన మరీ వేడిలోకి వెళ్లి కరిగిన పదార్థం పక్కలకు కారుతుంది, కొవ్వొత్తి కారినట్టు. తొందరగా దిగితే పైపొర చల్లబడి, పడిన పొడి కరగకుండా పంచదార పొరలా తెల్లగా అంటుకుంటుంది. ఒకసారి తెల్లబడ్డ చోట మళ్లీ వేడి పెంచి కరిగించినా ఆ చోట బుడగల పట్టీ మిగిలిపోతుంది. మొదటి పది బూల్‌లు ఈ రెండింటి మధ్య ఊగిసలాడుతూనే పోతాయి, బెంగపడనక్కర్లేదు.

పన్నెండు మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు వస్తే మొదటి బూల్‌కు అదే చాలు. బరువు పద్దెనిమిది గ్రాముల దగ్గర, అంటే తొంభై క్యారట్లు. నాలుగు గంటల కూర్చోవడం. మధ్యలో లేవడం కుదరదు, నీళ్ల సీసా పక్కన పెట్టుకుని కూర్చోండి.

అయిదో అంచె: చల్లార్చడం, చీల్చడం

వాయువులు కట్టేశాక చీలికను మూసి, గూటిలోనే వదిలేయండి. నేనొకసారి ఆత్రం ఆపుకోలేక గంటలోనే పటకారుతో పట్టి బయటికి తీశాను. ఎర్రగా, మచ్చ లేకుండా ఉంది. రెండు క్షణాలు చూసుకుని మురిసిపోయానో లేదో, టిక్కుమని చిన్న చప్పుడు. చేతిలో మెడ ముక్క, బల్ల మీద పాతిక పెంకులు. ఒక పెంకు కళ్లద్దానికి తగిలి గీత పెట్టింది. ఆ గీత పడ్డ కళ్లద్దాన్నే ఇప్పటికీ కొత్తవాళ్లకు చూపిస్తుంటాను.

నెమ్మదిగా చల్లారిన బూల్‌లో కూడా ఒత్తిడి నిండి ఉంటుంది. పైభాగం కరిగే వేడిలో ఉండగా కిందిభాగం వందల డిగ్రీలు చల్లగా ఉండటమే దానికి కారణం. ఆ ఒత్తిడిని వదిలించే ఉపాయం పాతదే. బూల్‌ను గుడ్డలో చుట్టి, మెడను పటకారుతో పట్టి పుటుక్కున విరవండి. సరైన బూల్ నిలువునా రెండు బద్దలుగా విచ్చుకుంటుంది, వేరుశనగ గింజ విచ్చుకున్నట్టు. ఆ బద్దలు ఇక పగలవు, సానపట్టడానికి సిద్ధం. అడ్డంగా పగిలి ముక్కలైతే లోపం ఎదుగుదలలో ఉందని అర్థం. చీల్చకుండా నిండు కడ్డీయే కావాలంటే 1900 డిగ్రీల దరిదాపుల్లో మరోసారి కాచి, మెల్లగా చల్లార్చాలి. అంత వేడి కొలిమి చాలా ల్యాబుల్లో ఉండదు.

లోపం కనిపిస్తే ఎక్కడ వెతకాలి

బూల్ అంతటా బుడగలు ఉంటే పొడి సరిగ్గా కాలలేదు. ఒక పట్టీగా ఒకచోటే ఉంటే ఆ సమయంలో మంట తగ్గింది, నోట్‌బుక్‌లో గడియారం చూడండి. రంగు గోధుమవైపు పోతే ఇనుము. రంగు పొరలు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తే సుత్తి దెబ్బలు సమంగా లేవు, లేదా తొట్టిలో పొడి ఉండకట్టింది. మెడ దగ్గరే విరిగిపోతుంటే మెడను తొందరపడి లావు చేస్తున్నారు. నా అనుభవంలో పది లోపాల్లో ఏడు పొడి దగ్గరికే తీసుకెళ్తాయి. బర్నరును సరిచేస్తూ వారం పోగొట్టుకునే ముందు కొత్త బ్యాచ్ పొడితో ఒక బూల్ పెంచి చూడండి.

వేరే రంగులు, నక్షత్రం

కెంపు చేయి తిరిగాక అందరికీ నీలమణి మీద మనసు పోతుంది. వెర్నాయ్ కాలంలోనూ అంతే జరిగింది. నీలిరంగు అనగానే కోబాల్ట్ గుర్తుకొస్తుంది కాబట్టి కోబాల్ట్ వేశారు. కురువిందంలో అది సమంగా కలవలేదు. కలవడానికి మెగ్నీషియం ఆక్సైడ్ జోడించారు. నీలిరంగు బ్రహ్మాండంగా వచ్చింది, కానీ వచ్చిన రాయి నీలమణి కాదు, స్పినెల్! ఆ పొరపాటే కృత్రిమ స్పినెల్ పరిశ్రమకు నాంది అయింది. నీలమణికి నిజంగా కావలసినవి ఇనుము, టైటానియం. ఇవి రెండూ పక్కపక్కన కూర్చుని ఒకదాని నుంచి ఒకదానికి ఎలక్ట్రాన్ దూకితే నీలిరంగు కనిపిస్తుంది. చిక్కేమిటంటే ఇనుము మంటలో చాలావరకు ఆవిరైపోతుంది, అందుకే రంగును సమంగా నిలపడం కెంపు కంటే కష్టం.

స్పినెల్ పెంచేవాళ్లకు ఒక చిట్కా: మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్), అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) సమపాళ్లలో వేస్తే, అంటే ప్రకృతిలో ఉన్నట్టే వేస్తే, బూల్ సరిగ్గా నిలబడదు. అల్యూమినా రెండున్నర, మూడు పాళ్లు ఉండాలి.

నక్షత్రపు కెంపు కావాలంటే పొడిలో కొద్దిగా టైటానియం ఆక్సైడ్ కలపండి. బూల్ పెరిగినప్పుడు అది కరిగి కలిసిపోయి ఉంటుంది, ఏ నక్షత్రమూ కనపడదు. తర్వాత 1300 డిగ్రీల దగ్గర చాలా గంటలు కాచితే టైటానియం ఆక్సైడ్ కంటికి ఆనని సూదులుగా విడిపోయి, స్ఫటికం లోపల మూడు దిశల్లో బారులు తీరుతుంది. గుండ్రంగా సానపట్టి ఒక్క దీపం కింద పెడితే ఆరు కిరణాలు విచ్చుకుంటాయి. 1947 నుంచి అమెరికాలో లిండే సంస్థ అమ్మిన నక్షత్రపు రాళ్ల వెనకున్న కిటుకు ఇదే.

బర్నరు లేనివాళ్లకు

మఫిల్ కొలిమి (మంట నేరుగా తగలకుండా మూసిన గదిలో వేడిచేసే కొలిమి), పొగగూడు ఉన్న కళాశాల ల్యాబులో ఇంకో దారి ఉంది. అల్యూమినియం ఆక్సైడ్, కొద్దిగా క్రోమియం ఆక్సైడ్‌లకు చాలా ఎక్కువ పాళ్లలో మాలిబ్డినం ఆక్సైడ్ కలిపి, మూసలో పెట్టి 1100 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి. మాలిబ్డినం ఆక్సైడ్ 795 డిగ్రీలకే కరిగి అల్యూమినాను తనలో కలుపుకుంటుంది, తర్వాత మెల్లగా ఆవిరవుతూ పోతుంది. ద్రావకం తగ్గేకొద్దీ కెంపు పలుకులు బయటపడతాయి. మన పటిక నీళ్లు ఆరినట్టే, వేడి మాత్రం వెయ్యి డిగ్రీలు ఎక్కువ. మిల్లీమీటరు అటూఇటూ ఉండే ఈ పలుకులు ఉంగరానికి పనికిరావు కానీ ముఖాలు తీరిన అందం బూల్‌కు ఎన్నటికీ రాదు. పాత పుస్తకాల్లో సీసం ఫ్లోరైడ్ ఫ్లక్స్ గురించి చదివి దాని జోలికి పోవద్దు, సీసపు ఆవిరి మామూలు విషం కాదు.

చివరి అంచె: రాయిని చదవడం

బద్దను సానకు ఇచ్చే ముందు దాని చీలిన ముఖాన్ని కొంచెం నునుపు చేసి, గాజు గిన్నెలో నూనె పోసి ముంచండి. గిన్నె కింద తెల్ల కాగితం, కాగితం కింద దీపం. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. గ్రామ్‌ఫోన్ రికార్డు మీది గాడుల్లా వంపు తిరిగిన సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి మీ గుమ్మటం నెత్తి ఒక్కో క్షణంలో ఎక్కడుందో చెప్పే ముద్రలు. గనిలో దొరికే కెంపులో ఎదుగుదల గీతలు తిన్నగా, కోణాలుగా ఉంటాయి, ఎన్నడూ వంగవు. మంటలో పుట్టిన రాయి తన పుట్టుకను దాచలేదని మొదట్లో అన్నది ఇందుకే. రత్నపరీక్షకులు ఈ వంపులూ గుండ్రటి బుడగలూ చూసే తేల్చేస్తారు.

సానపట్టేవాళ్లకు ఒక మాట చెప్పాలి. కెంపును ఒక దిక్కు నుంచి చూస్తే ఊదా కలిసిన ఎరుపు, అడ్డంగా చూస్తే నారింజ కలిసిన ఎరుపు. పైముఖం ఊదా ఎరుపు దిక్కుకు వచ్చేలా కోస్తే రాయి నిండుగా కనిపిస్తుంది. ఎక్కువ రాళ్లు రాబట్టాలని బద్ద పొడవు వెంట కోసేస్తే నారింజ తొంగిచూస్తుంది. చవక రాళ్లలో కనిపించే రంగు తేడా చాలాసార్లు కోతలోదే, పెంచినవాళ్ల తప్పు కాదు.

రెండు బద్దల్లో ఒకదాన్నే సానకివ్వండి. రెండోదాన్ని అలాగే ఉంచి, పొడి బ్యాచ్ అంకె, వాయువుల కొలతలు, పీట దిగిన వేగం రాసిన చీటీ దానికి కట్టండి. ఇరవయ్యో బూల్ ఎందుకు మసకబారిందో తెలియక తల పట్టుకున్నప్పుడు పక్కన పెట్టి పోల్చి చూడటానికి పనికొచ్చేది ఆ బద్దే.